కంచె దాటిన పాట

రాయిస్ లెడ్‌బెటర్ పికప్ ట్రక్కు ఆపి పావుగంటయింది, ఇంకా దిగలేదు. ఎదురుగా చర్చి, దాని వెనక సమాధుల దొడ్డి, దొడ్డి చుట్టూ గుంజల కంచె. మే నెల రెండో ఆదివారం. ఆడా మగా, పిల్లా పెద్దా అప్పటికే దంతెలూ పారలూ పట్టుకుని ఎవరి వాళ్ళ సమాధుల మీద వాళ్ళు గడ్డి గీకేస్తున్నారు. ఆ కొండ మీద పుట్టినవాడు ఎక్కడున్నా సరే, ఏటా ఈ రోజుకి వచ్చి తన వాళ్ళ సమాధికి మట్టి ఎగదోసి పూలు పెట్టి తీరాలి. రాకపోతే చచ్చినవాళ్ళు ఏమనుకుంటారో గాని, బతికున్నవాళ్ళు మాత్రం ఏడాది పొడుగునా అంటూనే ఉంటారు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి. అలబామా రాష్ట్రంలో సగం మంది గొంతు వినగానే పోల్చే గాయకుడు. అలాంటివాడు స్టీరింగు వెనక నక్కి కూర్చున్నాడు, ఎందుకంటే దొడ్డిలో మూడో వరసలో తలకు గుడ్డ కట్టుకుని పార పట్టుకున్న మనిషి అతని వదిన. ఐలా మే. ఆమెకు అతను ద్రోహం చేశాడు. ఆ సంగతి ఆమెకింకా తెలియదు. ఇవాళ చెప్పాలి. చెప్పకపోతే రేపు సోమవారం ఆ ద్రోహం పదివేల రికార్డు అట్టల మీద అచ్చయిపోతుంది.

అసలు జరిగింది ఇది. ఆరేళ్ళుగా రాయిస్‌కి రికార్డు లేదు. ఫిడేలూ స్టీలు గిటారూ పెట్టుకుని పాత పద్ధతిలో పాడే అతన్ని సంతల్లో పందుల పోటీకీ కేకుల పోటీకీ మధ్య పాడించేవాళ్ళు. అప్పుడు డ్యూయీ స్ట్రిక్‌లండ్ దొరికాడు, రికార్డులు తీసేవాడు. జుట్టు భుజాల మీదికి పెంచిన నలుగురు కుర్రాళ్ళను తెచ్చి రాయిస్ ముందు కూర్చోబెట్టాడు. వాళ్ళ చేతుల్లో కరెంటు గిటార్లు. ఇద్దరు డప్పులవాళ్ళు, ఒక్కరు చాలక. "అన్నా, నువ్వు నీ పాతవే పాడు. కింద మావాళ్ళు నిప్పు పెడతారు" అన్నాడు డ్యూయీ. రాయిస్ మొదట మొహం మాడ్చుకున్నాడు గాని, రెండో రోజుకి ఫిడేలు ఒక పక్క ఏడుస్తుంటే, గిటార్లు మరో పక్క గర్జిస్తుంటే, నడుమ తన గొంతు ఇరవై ఏళ్ళ నాటి బలంతో లేచింది. తనకే ఒళ్ళు జలదరించింది. తొమ్మిది పాటలు అయ్యాయి. పదోది లేదు.

"ఇంకొక్కటి కావాలన్నా. గుండె పట్టి పీకేది. మీ కొండ మీది పాతది ఏదైనా?" అన్నాడు డ్యూయీ.

రాయిస్ కళ్ళు మూసుకున్నాడు. నోట్లోంచి ఐలా మే పాట వచ్చేసింది.

అది అతను పాడగూడని పాట. ఐలా మేకి ఒక్కతే కూతురు, నోలా. ఆరేళ్ళకే గొంతువాపు జ్వరం వచ్చి పోయింది. ఆ తరవాతి మే నెలలో ఐలా మే సమాధి దగ్గర నిలబడి ఒక చరణం కట్టి పాడింది. పీచు పళ్ళ చెట్టు పూతంతా మంచుకు మాడిపోయిందనీ, నువ్వడిగిన ఎర్ర జోళ్ళు అటక మీదే ఉన్నాయనీ కూతురికి కబురు చెప్పింది. మరుసటి ఏడు ఇంకో చరణం. అలా ఏటికొక చరణం, ఆ ఏటి కబురు. ఇరవై రెండేళ్ళు, ఇరవై రెండు చరణాలు. వాళ్ళ చర్చిలో ఏ వాయిద్యమూ గడప దాటి రాదు. ఒకరు పంక్తి అందిస్తే మిగతావాళ్ళు దాన్నే అందుకుని పాడాలి, మాట పొల్లుపోకూడదు. ఐలా మే పంక్తి అందిస్తే అందుకునేది మొదటి నుంచీ ఇద్దరే, ఆమె మొగుడు హోయట్, అతని తమ్ముడు రాయిస్. గని కూలి హోయట్ చనిపోయాక రాయిస్ ఒక్కడే.

మొదటి ఏడే ఆమె చెప్పింది, "ఇది నా పిల్లకి నేను చెప్పుకునే మాట. ఈ కంచె దాటకూడదు. దాటనివ్వం అని మాటివ్వండి." అన్నదమ్ములిద్దరూ టోపీలు తీసి సరేనన్నారు. హోయట్ ఆ మాట మీదే పోయాడు.

రాయిస్ కళ్ళు తెరిచేసరికి స్టూడియోలో జుట్టు కుర్రాళ్ళు నలుగురూ నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. డ్యూయీ అడిగాడు, "ఎవరు కట్టారన్నా ఇది? బతికున్న మనిషైతే సంతకం కావాలి." ఆ మాటకి రాయిస్‌కి వదిన మొహం కనబడింది. అడిగితే కాదంటుంది. కాదంటే ఈ పాట లేదు.

"ఎవరిదీ కాదు. పాతది" అన్నాడు.

డ్యూయీ కాగితం మీద రాసుకున్నాడు: సంప్రదాయ గీతం, కూర్పు రాయిస్ లెడ్‌బెటర్. అంతే! పదిమైళ్ళ అవతల కోళ్ళకు మేత వేసుకుంటున్న మనిషిని నూరేళ్ళ కిందటే చచ్చినదాన్ని చేసి పారేశాడు రాయిస్.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇరవై రెండు చరణాలు పొడవన్నారు, మూడు ఉంచారు. 'నోలా' అంటే ఎవరికీ అంటదన్నారు, 'పిల్లా' అని మార్చారు. హోయట్ పోయిన ఏడు ఐలా మే కట్టిన చరణంలో, నాన్న వస్తున్నాడు, కాస్త జరిగి చోటివ్వు తల్లీ అని ఉంటుంది. దాన్ని 'నేనొస్తున్నా, జరుగు పిల్లా' అని చేసి, జనం గొంతు కలిపి అరిచేట్టు మూడుసార్లు తిప్పారు. అన్నిటికీ రాయిస్ తలూపాడు. గంగిరెద్దు కూడా అంత బాగా ఊపదు.

ఆ పాటే చిన్న రికార్డుగా ముందు వదిలారు. మూడు వారాలుగా రేడియోలో మోగుతోంది. పెద్ద రికార్డు అట్టలు రేపు అచ్చుకు వెళతాయి.

"ఏమయ్యోయ్ మరిదీ! ట్రక్కులోనే కాపురం పెట్టావా, దిగేదుందా?" ఐలా మే కంచె దగ్గరికి వచ్చి కేకేసింది.

రాయిస్ తలుపు తీసుకుని దిగాడు.

"మొహం అలా పీక్కుపోయిందేం? రికార్డువాళ్ళు తిండి పెట్టరా?"

"పెడతారు వదినా."

"మరి దంతె పట్టుకో. మీ అన్న మీద ఈ ఏడు గడ్డి బాగా మొలిచింది. బతికుండగానూ అంతే, గడ్డం గీసుకోమంటే వినేవాడు కాదు."

ఇద్దరూ హోయట్ సమాధి మీద గడ్డి గీకారు. నోలాది పక్కనే, చిన్నది, ఎప్పుడూ ఆమే చేస్తుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. మట్టి గుట్టలా ఎగదోసి, అరచేత్తో నున్నగా తట్టి, మీద తెల్ల గవ్వలు పేర్చింది. రాయిస్ దంతె ఆపాడు.

"వదినా, నీతో ఒక మాట."

"చెప్పు."

"రేడియో ఏమన్నా వింటున్నావా ఈమధ్య?"

"పాస్టరు గారి గంటసేపు ప్రసంగం వింటాను, ఆపేస్తాను. ఏం, నీ పాట వస్తోందట గదా? మీ పెదనాన్న కొడుకు ఎస్టెల్ చెప్పాడు. సంతోషమయ్యా. ఆరేళ్ళు ఎండలో నిలబడ్డావు, ఇప్పటికి మేఘం కనిపించింది." ఆమె చేతులు దులుపుకుని నవ్వింది. "ఏ పాట అది?"

ఇదిగో, తలుపు బార్లా తెరిచి పెట్టింది. లోపలికి అడుగు వేస్తే చాలు. రాయిస్ నోరు తెరిచాడు.

"పాతదే వదినా" అన్నాడు.

థూ, ఇదా బతుకు అని తనను తానే తిట్టుకున్నాడు. మళ్ళీ అదే అబద్ధం, ఈసారి ఎవరి దగ్గర దొంగిలించాడో వాళ్ళ మొహం మీదే.

ఐలా మే మాత్రం ఇంకేదో ఆలోచిస్తోంది. "రాయిస్, ఒకటి చెబుతా, నవ్వకు. నాకు మోకాళ్ళు పోతున్నాయి. ఇంకెన్నాళ్ళుంటానో. నేను పోయాక నోలాకి కబుర్లు ఎవరు చెబుతారు అని రాత్రుళ్ళు అదే దిగులు. ఇరవై రెండూ నీకే వచ్చు. నా తరవాత ఏటికొకటి నువ్వు కట్టు. నీ గొంతైతే దానికి ఇష్టం. చిన్నప్పుడు నీ భుజాల మీదే గదా ఊరంతా తిరిగింది."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రాయిస్ చెయ్యి తెలియకుండానే భుజం మీదికి పోయింది.  "సరే వదినా" అన్నాడు. ఇంతకన్నా ఆమె పారతో నెత్తిన కొట్టినా తేలిగ్గా ఉండేదనిపించింది.

భోజనాలకు చెట్ల కింద బల్లలు కలిపి దుప్పట్లు పరిచారు. వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె, బీన్సు, పళ్ళు కూరి కాల్చిన పైలు నాలుగు రకాలు. రాయిస్ పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే పెదతండ్రి కొడుకు ఎస్టెల్ అడ్డం తగిలాడు.

"ఒరేయ్ రాయిస్, ఆ గిటార్లవాళ్ళు మగపిల్లలా ఆడపిల్లలా? మా టాలీ గోడకి బొమ్మ అంటించింది, వెనక నుంచి చూసి మా అత్తలనుకున్నాను."

అందరూ నవ్వారు. పదిహేనేళ్ళ టాలీ కస్సుమంది. "నీకేం తెలుసు నాన్నా! బాబాయి పాట స్కూల్లో అందరికీ వచ్చు. బస్సులో రోజూ పాడుకుంటున్నాం."

రాయిస్ చేతిలో కోడి ముక్క పళ్ళెంలోకి జారింది. బల్ల చివర ఐలా మే ఎవరికో టీ పోస్తోంది. వినలేదు. వినలేదా? తల ఎత్తలేదు మరి. రాయిస్ పళ్ళెం అలాగే వదిలేసి బల్ల వైపు రెండడుగులు వేశాడు. ఇంతలో పాస్టరు గారు వచ్చి కుశలం అడిగారు, అతను నిలబడిపోయాడు. నిజం చెప్పాలంటే పాస్టరు గారిని దాటుకుని పోవడం పెద్ద పనేమీ కాదు. ఆగడానికి సాకు దొరికింది, ఆగాడు.

భోజనాలయ్యాక వరసల వెంట పాటలు మొదలయ్యాయి. ఏ కుటుంబం దగ్గర ఆ కుటుంబానికి నచ్చిన కీర్తన పాడుతూ, చివరికి మూడో వరసకి వచ్చారు. అక్కడ రివాజు అందరికీ తెలుసు. ఐలా మే పాడుతుంది, రాయిస్ అందుకుంటాడు, మిగతావాళ్ళు టోపీలు తీసి నిలబడతారు. అరగంట పడుతుంది, పెద్దవాళ్ళు కదలరు. కుర్రకారు మాత్రం ఎప్పుడూ ఈ వేళకి వాగు దగ్గరికి జారుకునేవాళ్ళు. ఇవాళ జారుకోలేదు. రేడియో గాయకుణ్ణి దగ్గరగా చూడాలని పది పన్నెండు మంది ముందుకొచ్చి నిలబడ్డారు.

ఐలా మే కళ్ళు మూసుకుని మొదటి పంక్తి అందించింది.

"నోలా నోలా, పీచు పూసింది..."

రాయిస్ అందుకున్నాడు. ఆమె రెండోది అందించింది.

"మంచు పడి పూత రాలింది..."

అతను అందుకునేలోగా వెనక నుంచి పది గొంతులు అందుకున్నాయి. మంచు పడి పూత రాలింది, పిల్లా! టాలీ గొంతు అన్నిటికన్నా పైన. ఎవరో చేతులు తట్టారు, డప్పు ఎక్కడ పడాలో అక్కడ. "ఓయ్, బాబాయి పాట! ఐలా మే పెద్దమ్మకి బాబాయి పాట వచ్చు!" అని ఒక కుర్రాడు సంబరంగా అరిచాడు. ఆ పిల్లల్లో వెటకారం లేదు, పాపం. పెద్దామెకి తోడు పాడుతున్నామనుకున్నారు. ఆమె ఆగిపోయినా వాళ్ళు ఆగలేదు. తమకు తెలిసినదాంట్లోకి దూకేశారు.

"జరుగు పిల్లా, జరుగు పిల్లా, నేనొస్తున్నా జరుగు పిల్లా! యీహా!"

హోయట్ సమాధికీ నోలా సమాధికీ నడుమ నిలబడి.

ఎస్టెల్ కూతురి చెయ్యి గట్టిగా లాగాడు. ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. ఐలా మే కళ్ళు తెరిచి పిల్లల వైపు చూడలేదు, మరిది వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా ఓర్చుకునేవాడు. ఆమె ఇంకా అతను ఏదో చెబుతాడని, ఇది వేరే ఏదో అని చెబుతాడని ఎదురుచూస్తోంది.

రాయిస్ టోపీ చేతిలో నలిగిపోయింది.

"నేనే వదినా" అన్నాడు. "నేనే పాడాను. రికార్డులో. పొద్దుట నుంచీ చెబుదామనే..."

"పొద్దుట నుంచా? రేడియోలో ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?"

"మూడు వారాలు."

"పాడింది ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో."

"అయితే పొద్దుట నుంచీ అనకు." ఆమె గొంతు పెంచలేదు. అయినా ప్రతి మాటా కంచె దాకా అందరికీ వినబడుతోంది. "ఎవరిదని అడగలేదా వాళ్ళు?"

"అడిగారు."

"ఏమన్నావు?"

ఇక్కడ అబద్ధం చెబుదామన్నా రాలేదు. "ఎవరిదీ కాదన్నాను. పాతదన్నాను. నీదని చెబితే నిన్నడుగుతారు, నువ్వు కాదంటావు. అందుకని."

"కాదనేదాన్నే" అంది ఐలా మే. "నోలా పేరేం చేశావు?"

రాయిస్‌కి ఏడుపు వచ్చేసింది. ఆ కొండ మీది మగవాళ్ళు చావుకైతే తప్ప ఏడవరు, నలుగురి ముందు అసలే ఏడవరు. అతను మాత్రం ముక్కు మోచేత్తో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను వదినా. పెద్ద రికార్డులోంచి తీసేయమంటాను. చిన్నదాన్ని వెనక్కి తెప్పించమంటాను. ఒట్టు."

"ఒట్టు ఇదివరకూ ఒకటి వేశావు" అంది ఆమె. "తీసెయ్. తియ్యాల్సిందే. మరి వీళ్ళ నోళ్ళలోంచి ఎలా తీస్తావు? ఈ పిల్ల పెళ్ళయి తన పిల్లల్ని ఊపుతూ కూడా జరుగు పిల్లా అనే పాడుతుంది." టాలీ తండ్రి చొక్కా పట్టుకుని వెక్కుతోంది. "నువ్వేడవకమ్మా. నీ తప్పు లేదు" అంది ఆమెతో.

తరవాత ఐలా మే నోలా సమాధి వైపు తిరిగింది. కొంగున మొహం తుడుచుకున్నట్టు తలగుడ్డ అంచుతో తుడుచుకుంది. "నిలబడు రాయిస్. మొదటి నుంచీ మొదలెడదాం" అంది.

మొదలెట్టింది. పీచు పూత, ఎర్ర జోళ్ళు, గుడ్డిదైపోయిన గాడిద, వరదకు కొట్టుకుపోయిన వంతెన. ఒక్కొక్క పంక్తి ఆమె అందించింది, అతను అందుకున్నాడు. నోలా అన్న చోట నోలా అని, నాన్న అన్న చోట నాన్న అని. ఎవరూ కదల్లేదు, పిల్లలు కూడా. ఇరవై రెండు చరణాలూ అయ్యాయి. ఇక ఈ ఏటిది. ఆమె దగ్గర ఇంకేదో సిద్ధంగా ఉందని రాయిస్‌కి తెలుసు, కొత్త దూడ గురించి ఏదో పొద్దుట అంటూనే ఉంది. ఐలా మే మాత్రం దూడ సంగతి ఎత్తలేదు.

"నోలా నోలా, ఈ ఏటి కబురు విను..."

రాయిస్ అందుకున్నాడు.

"నీ పాట కంచె దూకి ఊరేగింది..."

అందుకున్నాడు.

"బాబాయే ఎత్తుకుపోయాడు తల్లీ..."

రాయిస్ అందుకోలేదు. ఆమె ఎదురుచూసింది. అందించిన పంక్తిని నేల మీద వదిలేయడం ఆ కొండ మీద ఎవరూ చెయ్యరు. వందమంది చూస్తుండగా రాయిస్ లెడ్‌బెటర్ ఊపిరి పీల్చుకుని ఆ పంక్తి పాడాడు, మాట పొల్లుపోకుండా.

"ఎవరిదంటే ఎవరిదీ కాదన్నాడు..."

అదీ పాడాడు. అంతకుముందు ఏ వేదిక మీదా ఏ రికార్డులోనూ అతని గొంతు అంత బాగా పలకలేదు. ఆ సంగతి అతనికే తెలిసి, ఇంకా సిగ్గేసింది.

జనం మెల్లగా గిన్నెలూ బుట్టలూ సర్దుకుంటున్నారు. ఒక్కరూ అతన్ని పలకరించలేదు. ఐలా మే పార, దంతె, ఖాళీ గిన్నె తీసి అతని చేతుల్లో పెట్టింది, ఏటా పెట్టినట్టే, ఇంటికి దిగబెట్టమని. ట్రక్కు తలుపు దగ్గర ఆమే నోరు విప్పింది.

"వచ్చే ఏడు రా. అందుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు?"

"వస్తాను." అతను గిన్నెను అటూ ఇటూ తిప్పాడు. అడగలేక అడిగాడు. "ఈ ఏటి చరణం... అదీ ఉంటుందా వదినా? ఏటా?"

"కట్టినదాన్ని తీసేసే అలవాటు నాకు లేదయ్యా" అంది ఐలా మే. "అది మీ రికార్డులవాళ్ళకి."

ఆమె ఎక్కి కూర్చుంది. రాయిస్ పారనూ దంతెనూ వెనక పెట్టి, తలుపు మూసి, బండి తీశాడు. రేడియో మీట వైపు చెయ్యి పోలేదు.